పక్క సీటు ఆవిడ

మా చెల్లెలు నేనెవరో తనకు తెలియదని చెప్పింది. ఇమ్మిగ్రేషన్ అధికారి ఎదుట, చేయి చాపితే నాకు అందేంత దూరంలో కూర్చుని, నా ముఖంలోకి సూటిగా చూస్తూ చెప్పింది. మా ఇద్దరిదీ ఒకే ముక్కు, ఒకే నుదురు, చివరికి ఎడమ కనుబొమ పైకెత్తే అలవాటు కూడా ఒకటే. ఆ అధికారి మా ముఖాలు మార్చి మార్చి చూసి, చేతిలో ఉన్న కలాన్ని నెమ్మదిగా బల్లమీద పెట్టాడు. వ్యవహారం అంతవరకూ ఎలా వచ్చిందో వరసగా చెప్పాలి. వరస తప్పితే ఇది నవ్వులాటలా వినబడుతుంది. విన్నవాళ్ళలో ఇప్పటికే కొందరు నవ్వారు.

చెల్లెలికి ఒక్కతే కూతురు. ఇంట్లో అందరం అమ్మడు అంటాం. పెళ్ళయి విదేశంలో ఉంటోంది. భర్త సరుకు ఓడలో ఇంజనీరు. నెలల తరబడి సముద్రంమీదే ఉంటాడు. కిందటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలలో ఆ పిల్ల స్నానాలగదిలో పడిపోయింది. పక్కవాటా ఆవిడకు అనుమానం వచ్చి తలుపు బద్దలు కొట్టించేసరికి చాలా ఆలస్యమైంది. బిడ్డ దక్కలేదు, తల్లి దక్కడమే గొప్ప అన్నారు. ఆ సమయంలో చెల్లెలు ఇక్కడ ఆడపడుచు కొడుకు పెళ్ళికి వచ్చిన చుట్టాలకు గదులు సర్దుతోంది. ఆ సంగతి అది ఈనాటికీ నోటితో అనదు. ఎవరైనా ఆ పెళ్ళి ఫోటోలు తీస్తే మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఇప్పుడు అమ్మడికి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. మంచం దిగవద్దని డాక్టరు చెప్పింది. అల్లుడికి సెలవు దొరకలేదు.

"ఈసారి దాని పక్కన నేను ఉండి తీరాలి అక్కా," అని చెల్లెలు నా దగ్గరకు వచ్చింది. "నాకు ఇంగ్లీషు రాదు కదా. నువ్వు తోడు రా. పురుడు సంగతి నేను చూసుకుంటా, మాటల సంగతి నువ్వు చూసుకో."

ఒప్పుకున్నాను. కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. పెళ్ళి చేసుకోలేదు, కదలడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రయాణం సంగతి బయటికి పొక్కగానే సలహాలు మొదలయ్యాయి. విదేశం వెళ్ళేవాళ్ళకు మన దగ్గర డబ్బివ్వడానికి ఎవరైనా వెనకాడతారేమో గాని సలహా ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు. కాళ్ళు వాస్తాయి, నడుస్తూ ఉండండి అన్నారు. మందులు చేతిసంచిలో పెట్టుకోండి, డాక్టరు చీటీ జతచేయండి అన్నారు. స్వెట్టరు పెట్టెలో పెట్టకుండా ఒంటిమీదే వేసుకోండి, బరువు కలిసొస్తుంది అన్నారు. ఇవన్నీ పనికొచ్చేవే. వీటితోపాటు, వచ్చిన ప్రతివాళ్ళూ గొంతు తగ్గించి చెప్పిన సలహా ఇంకొకటి ఉంది. "అక్కడ దిగగానే ఎందుకొచ్చారని అడుగుతారు. పొరపాటున కూడా పురిటికని చెప్పకండి."

ఎందుకు చెప్పకూడదని నేను అడిగాను. పురుడు పోయడం పని కిందికి వస్తుందట, చుట్టపుచూపు వీసామీద పని చేయకూడదట. ఎక్కడ రాసి ఉంది అంటే ఎవరికీ తెలియదు. పై అంతస్తు ఆవిడకు వాళ్ళ తోటికోడలు చెప్పింది; తోటికోడలికి వాళ్ళ ఆఫీసులో ఎవరో చెప్పారు. నేను ఆ దేశపు రాయబార కార్యాలయం వారి సూచనలు తెరిచి చదివాను. కుటుంబ సభ్యుల ప్రసవానికి తోడుగా ఉండడం సందర్శనే అని, జీతానికి చేస్తేనే ఉద్యోగమని అందులో స్పష్టంగా ఉంది. నా దరఖాస్తులో చెల్లెలి కూతురి ప్రసవానికి వెళుతున్నానని రాశాను. వీసా వచ్చింది. చెల్లెలి దరఖాస్తును దాని భర్త, మా మరిది, తీసుకువెళ్ళి వేరొకరిచేత పూర్తిచేయించాడు: విహారయాత్ర. దానికీ వచ్చింది. రెండూ వచ్చాక, నాది అదృష్టమనీ వాళ్ళది తెలివనీ తేల్చినవాడు మా మరిది.

ఆ వేరొకరిని ఇంటర్వ్యూ మాస్టారు అంటారు. ఫ్లాటులోని ముందుగదిలో భోజనాల బల్లను అడ్డంగా వేసి, దాని వెనక టై కట్టుకుని కూర్చుంటాడు. బల్లమీద చిన్న గాజు పలక నిలబెట్టి ఉంటుంది, అదే కౌంటరు. గోడవారగా బెంచీ, అది క్యూ. ఆయన ఒకే ఒకసారి విదేశం వెళ్ళాడు. అక్కడి అధికారికి అబద్ధం చెప్పి బయటపడ్డాడు. ఆ ఒక్కసారిమీద ఒక శాస్త్రమంతా కట్టుకున్నాడు.

"వదినగారూ, మీరూ రండి," అని మా మరిది బతిమాలాడు. "ఇద్దరూ ఒకే మాట చెప్పాలంటున్నారు." సరే, ఏం చెబుతాడో చూద్దామని వెళ్ళాను.

మాస్టారు చెల్లెల్ని తలుపు బయటికి పంపి మళ్ళీ లోపలికి పిలిచాడు. అది సంచి భుజానికి తగిలించుకుని, పెళ్ళివారింటికి వచ్చినట్టు నవ్వుతూ వచ్చింది.

"నవ్వకండమ్మా. నవ్వితే భయమనుకుంటారు."

"నిజంగానే భయమండీ."

"ఉంటే కడుపులో ఉంచుకోండి. ఎందుకొచ్చారు?"

"ఊరు చూడ్డానికండీ."

"ఇక్కడ మీవాళ్ళెవరున్నారు?"

"ఎవరూ లేరండీ."

"మీకు పిల్లలు?"

"ఒక్కతే అమ్మాయండీ. ఇక్కడే..." చెల్లెలు నాలుక కరుచుకుంది.

"అయిపోయింది. తిరుగు విమానం ఎక్కించేశా," అన్నాడు మాస్టారు. మా మరిది తెగ నవ్వాడు. మాస్టారు పాఠం అందుకున్నాడు. "ఉన్న పిల్లని లేదనకూడదు. కాయితాల్లో ఉంటుంది, దొరికిపోతాం. మనిషిని మార్చొద్దు, చోటు మార్చండి. అమ్మాయి ఎక్కడుందీ? మీ ఊళ్ళో, మీ ఇంట్లో ఉంది. అదీ జవాబు. అక్కడ అమ్మాయికి ఫోన్ చేస్తారేమో, ఆవిడక్కూడా చెప్పి ఉంచండి. మా అమ్మ ఇంట్లో ఉంది, ఎక్కడికీ రావట్లేదు, అంతే."

తరవాత నా వైపు చూశాడు. "మీరిద్దరూ అక్కాచెల్లెళ్ళని తెలిస్తే చిక్కు. ఇద్దరు ఆడవాళ్ళు పెట్టెలు కట్టుకుని ఎందుకొస్తారు మేడమ్? పురిటికే. కాబట్టి వేరే వేరే లైన్లలో నిలబడండి. ఒకరికొకరు తెలియదు. విమానంలో పక్క సీటు, అంతవరకే పరిచయం."

"నిజం చెబితే ఏమవుతుంది?" అని అడిగాను.

"నిజం చెప్పడానికి అంత దూరం దేనికి మేడమ్? ఇక్కడ కూర్చునే చెప్పుకోవచ్చు."

"నిజం చెప్పినందుకు వెనక్కి వచ్చినవాళ్ళని మీరు చూశారా?"

"నా దగ్గరికి వచ్చినవాళ్ళెవరూ నిజం చెప్పలేదు. ఇంకెలా చూస్తాను?"

తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. మా మరిదికీ తెలియలేదు. మెచ్చుకోలుగా తల ఊపాడు. మాస్టారు చెల్లెలి వైపు వంగి ఆఖరి సూత్రం చెప్పాడు. "అన్నిటికన్నా ముఖ్యం ఇది. చివర్లో మెత్తగా అడుగుతారు, మీరు చెప్పినదాంట్లో ఏమైనా మార్చుకుంటారా అని. అది ఉచ్చు. అక్కడ మాట మార్చినవాళ్ళు మునిగారు. పక్కన ఎవరున్నా సరే, దేవుడు దిగొచ్చినా సరే, మార్చకండి."

నేను లేచి వచ్చేశాను. దారిలో చెల్లెలితో ఒకే మాట చెప్పాను: "చిట్టీ, ఇదంతా వట్టి నాటకం. ఉన్నదున్నట్టు చెబుదాం." అది "చూద్దాంలే అక్కా," అంది. సరేననడమనుకున్నాను. నేను ఇంటికి వెళ్ళిన తరవాత ప్రతి సాయంత్రం మా మరిది భోజనాల బల్ల వెనక కూర్చుని దానిచేత పాఠం వల్లె వేయించాడనీ, అమ్మడికి ఫోన్ చేసి ఆ పిల్లచేత కూడా అప్పజెప్పించుకున్నాడనీ నాకు తరవాత తెలిసింది.

విమానం దిగాం. ఉదయం. పొడుగాటి హాలు, మెరిసే నేల, తాళ్ళు కట్టి మలుపులు తిప్పిన వరసలు. చెల్లెలు చుట్టూ చూసి, "అక్కా, ఆ లైను పొట్టిగా ఉంది. నేనటు వెళ్తా," అని చల్లగా జారుకుంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మనిషి నన్ను వదిలి పరాయి వరసలో ఎందుకు నిలబడిందో అప్పుడే నాకు తట్టవలసింది. మోకాళ్ళ నొప్పికొద్దీ తొందరపడుతోందనుకున్నాను.

నా కౌంటరులో ఉన్నది నడివయసు అధికారిణి. ఎందుకు వచ్చారని అడిగింది. చెల్లెలి కూతురికి ప్రసవం, తోడుగా ఉండడానికి వచ్చామన్నాను.

"వచ్చామంటే? మీతో ఇంకెవరున్నారు?"

"నా చెల్లెలు. ఆ పిల్ల తల్లి. అదిగో, పక్క వరసలో ఆకుపచ్చ చీరలో ఉంది."

ఆమె తల తిప్పి చూసింది. సరిగ్గా అప్పుడే పక్క కౌంటరులోని యువకుడు ఫోన్‌లో దుబాసీని పెట్టుకుని చెల్లెలిని ప్రశ్నిస్తున్నాడు. గాజు అరల మధ్య నుంచి చెల్లెలి గొంతు నాకు స్పష్టంగా వినబడింది. "ఒక్కదాన్నే వచ్చానండీ. ఊరు చూడ్డానికి. ఇక్కడ మావాళ్ళెవరూ లేరండీ."

నా అధికారిణి కుర్చీలోంచి లేచి పక్క కౌంటరుకు వెళ్ళింది. ఆ యువకుడి చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నన్ను చూశారు, చెల్లెల్ని చూశారు. దాని అబద్ధాన్ని పట్టిచ్చింది ఇంకెవరూ కాదు, నా నిజమే.

మమ్మల్నిద్దర్నీ ఒక పక్కగదికి తీసుకువెళ్ళారు. కిటికీ లేదు. నేలకు బిగించిన కుర్చీలు, గుండ్రని మూలల బల్ల, బల్లమీద టెలిఫోను, పైకప్పు మూలన కెమెరా. ఎదురుగా కూర్చున్న అధికారి సన్నటి మనిషి. గొంతులో కోపమూ లేదు, చనువూ లేదు. టెలిఫోను స్పీకరులోంచి ఒక ఆడగొంతు తెలుగులో పలకరించింది. తాను దుబాసీననీ, ఇక్కడ పలికిన ప్రతి మాటనూ ఉన్నదున్నట్టు అటూ ఇటూ చెబుతాననీ, ఏదీ వదలననీ, ఏదీ కలపననీ చెప్పింది. అంత శుభ్రమైన పద్ధతి విని నాకు ధైర్యం వచ్చింది. చెల్లెలికి మాత్రం ఆ తెలుగు వినగానే ముఖం మరింత బిగుసుకుంది. తెలుగు మాట్లాడి బుట్టలో వేస్తారు జాగ్రత్త అని కూడా మాస్టారు చెప్పాడట.

అధికారి నన్ను చూపించి అడిగాడు. దుబాసీ చెప్పింది: "ఈవిడ మీకు ఏమవుతారండీ?"

అప్పుడే చెల్లెలు నా ముఖంలోకి చూసింది.

"ఎవరో తెలియదండీ. విమానంలో పక్క సీటు ఆవిడ."

నేను దీన్ని ఎత్తుకుని తిప్పినదాన్ని. నా పుస్తకాల ముందు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించినదాన్ని. దాని పెళ్ళిలో దాని జడ నేనే వేశాను. ఆ కళ్ళలో నా కోసం వెతికాను. ఎంత వెతికినా ఏమీ కనబడలేదు. బస్టాండులో టైము అడిగినవాళ్ళను చూసినట్టు చూసింది. కపటం దానికి చేతకాదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చేతకానిది ఏమీ ఉండదు, నేర్పేవాళ్ళుంటే.

"చిట్టీ," అన్నాను, "మతి గాని పోయిందా? ఆ తలమాసిన మాస్టారి మాట పట్టుకుని నీ కూతురి కొంప ముంచుతున్నావే. నోరు విప్పి నిజం చెప్పు."

దుబాసీ ఒక్క క్షణం ఆగి, మర్యాదగా అడిగింది: "అమ్మా, తలమాసిన అన్న మాటకు అర్థం మాత్రం చెప్పనా, లేక ఉన్నది ఉన్నట్టు చెప్పనా?"

"ఉన్నదున్నట్టే చెప్పండి," అన్నాను.

చెప్పింది. అధికారి అంతా రాసుకున్నాడు. రాసుకుని, నేను ఇకమీదట ఆమెతో నేరుగా మాట్లాడకూడదనీ, ఆమె జవాబులు ఆమెవే అయి ఉండాలనీ చెప్పాడు. నేను నా వంతు చెప్పాను: ఈమె నా తోబుట్టువు, అమ్మడి తల్లి, ఆ పిల్లకు కిందటిసారి ఇలా జరిగింది, అందుకు వచ్చాం. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మీ మాట నేను నమ్ముతున్నాను," అన్నాడు. "కూతురి ప్రసవానికి రావడం ఇక్కడ నేరం కాదు. ఆమె ఆ మాట చెప్పి ఉంటే ఈపాటికి బయట టాక్సీ కోసం నిలబడి ఉండేవారు. కాని నేను ఆమెను లోపలికి పంపవలసింది మీ మాటమీద కాదు, ఆమె మాటమీద."

దుబాసీ దీన్ని కూడా తెలుగులో చెప్పింది. చెల్లెలు విన్నది. విని, చిన్నగా తల పక్కకు తిప్పుకుంది. ఉచ్చు ఎంత మెత్తగా పన్నుతున్నారో అని దానికి మాస్టారిమీద గౌరవం పెరిగినట్టుంది.

అధికారి నా దగ్గర అమ్మడి నంబరు తీసుకుని ఫోన్ చేశాడు. స్పీకరులో ఆ పిల్ల గొంతు వినబడగానే చెల్లెలి చేతులు ఒడిలో బిగుసుకున్నాయి. అమ్మడికి దుబాసీ అవసరం లేదు, ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. అధికారి తానెవరో చెప్పి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, ఆ తరవాత అసలు ప్రశ్న వేశాడు. "మీ అమ్మగారు ఇవాళ ఇక్కడికి వస్తున్నారా?"

"లేదు," అంది అమ్మడు. తడుముకోలేదు. "మా అమ్మ ఇంట్లో ఉంది. ఎక్కడికీ రావట్లేదు."

దుబాసీ ఆ జవాబును తెలుగులో చెప్పింది. చెల్లెలి ముఖంలో ఆ ఉదయమంతా లేని వెలుగు వచ్చింది. పరీక్షలో పిల్లకు మొదటి మార్కు వచ్చినట్టు, పెదవుల చివర గర్వం. తొమ్మిదో నెల కడుపుతో ఒంటరిగా మంచంమీద పడుకుని తల్లి కోసం ఎదురుచూస్తున్న పిల్ల తన తల్లి రావట్లేదని చెప్పింది. ఆ తల్లి అది విని మురిసిపోయింది. నేను జీవితంలో చూసిన భయంకరమైన దృశ్యాలలో అది మొదటిది. అక్కడ కేకలు లేవు, కన్నీళ్ళు లేవు. ఒక కుటుంబం మొత్తం కూడబలుక్కుని, ఎంతో ప్రేమతో, ఒకరినొకరు లేరని చెప్పుకుంటోంది.

నేను నోరు తెరవబోయాను. అధికారి అరచేయి ఎత్తి ఆపాడు. ఫోన్‌లో మళ్ళీ అడిగాడు. "బంధువులు ఇంకెవరైనా వస్తున్నారా?"

ఈసారి ఆ పిల్ల తడుముకుంది. నా గురించి ఎవరూ జవాబు తయారుచేయలేదు. నేను మాస్టారి గదిలోంచి లేచి వచ్చేసినదాన్ని. అందుకని ఆ పిల్ల దగ్గర నిజం తప్ప ఇంకేమీ లేదు.

"మా పెద్దమ్మ వస్తోంది," అంది. ఆ వెంటనే గొంతు సన్నబడింది. "పెద్దమ్మ వచ్చేసిందా?"

వచ్చారని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశాడు. చెల్లెలి ముఖం ముడుచుకుంది. నా సంగతి ఒప్పుకోవడం దాని లెక్కలో తప్పు.

ఆయన కాగితాలు సర్దుకుని, చెల్లెలి వైపు కొంచెం ముందుకు వంగాడు. ఆయన అడిగినదాన్ని దుబాసీ మెత్తగానే చెప్పింది. చెప్పేముందు ఆమె ఊపిరి తీసుకోవడం స్పీకరులో వినబడింది. "అమ్మా, ఇది ఆఖరి ప్రశ్న. మీరు చెప్పినదాంట్లో ఏమైనా మార్చుకుంటారా? ఇప్పుడు మార్చుకున్నా ఆయన వింటారు. ఆ తరవాత కుదరదు."

చెల్లెలు ఒడిలోని చేతులవైపు చూసుకుంది. దానికి ఎదురుగా, అందేంత దూరంలో నేను. మాట్లాడకూడదు. కళ్ళతో చెప్పాను. ప్రాణమంతా కళ్ళలో పెట్టి చెప్పాను. అది తలెత్తి నన్ను చూసింది. ఒక్క క్షణం దాని ఎడమ కనుబొమ కదిలింది. ఇంక చెప్పేస్తుందనుకున్నాను.

"మీరు తెలుగువారే కదమ్మా," అని టెలిఫోనును అడిగింది. "మీరైతే ఏం చేస్తారు?"

"నేను సలహా చెప్పకూడదండీ," అంది దుబాసీ. ఆ గొంతు మారింది.

సలహా చెప్పకూడదన్న మనిషి ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఎదురైనది ఆమె ఒక్కతే.

"అయితే మార్చుకోవడానికేమీ లేదండీ," అంది చెల్లెలు.

పై అధికారి వచ్చి సంతకం చేశాడు. చెల్లెలు వచ్చిన విమానమే మధ్యాహ్నం తిరిగి బయలుదేరుతుంది, అందులో పంపుతారు. అబద్ధపు వాంగ్మూలం కింద కొన్నేళ్ళపాటు మళ్ళీ రావడానికి వీలుండదు. నా రాక గురించి నేను చెప్పినదానికీ అమ్మడు చెప్పినదానికీ తేడా లేదు గనుక నన్ను లోపలికి అనుమతించారు. నా పాస్‌పోర్టులో ముద్ర పడిన చప్పుడు చెంపమీద పడ్డట్టుంది.

నేనూ తిరిగి వెళ్ళిపోతానని అన్నాను. అది మీ ఇష్టం, ఆ పిల్ల దగ్గర ఎవరూ లేరని మీరే చెప్పారు అన్నాడు అధికారి. పాస్‌పోర్టు తీసి సంచిలో పెట్టుకున్నాను.

విమానం సిద్ధమయ్యేదాకా చెల్లెల్ని బయటి వసారాలో బెంచీమీద కూర్చోబెట్టారు. పక్కన యూనిఫారంలో ఒక కాపలా ఆవిడ. నా పెట్టెలు వచ్చేదాకా నన్నూ అక్కడే ఉండమన్నారు. వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను.

"చిట్టీ, ఇప్పటికైనా మాట్లాడు. వాళ్ళకంతా తెలుసు. ఇంక దాచడానికేం మిగిలింది?"

అది పైకప్పు మూలన ఉన్న కెమెరావైపు చూసింది. పెదవులు కదిలీ కదలనట్టు అంది. "ఇప్పుడు ఒప్పుకుంటే మీక్కూడా తిరుగు ముద్ర కొట్టేస్తారండీ. మీరైనా వెళ్ళాలి."

నన్ను మీరంది. పుట్టి బుద్ధెరిగిన తరవాత అది నన్ను అలా పిలవడం ఇదే మొదటిసారి. తనకు తలుపు మూసుకుపోయిందని దానికి తెలిసిపోయింది. మాట మార్చకపోవడం ఇక తన కోసం కాదు, నా కోసం. నా కోసం దాచక్కర్లేదని, నాకు పడిన ముద్ర ఎవరూ చెరపరని ఎంత చెప్పినా దాని చెవికి ఎక్కేది కాదు.

కాసేపటికి అదే మాట కలిపింది, ప్రయాణాల్లో పక్కవాళ్ళతో కలిపినట్టు.

"మీరెక్కడికి వెళ్తున్నారండీ?"

అది ఎదురుచూసింది.

"మా చెల్లెలి కూతురి దగ్గరికి," అన్నాను చివరికి.

"పురిటికాండీ?"

"అవునండీ."

"మీకు చంటిపిల్లల్ని పట్టుకున్న అలవాటుందా?"

"లేదండీ. పుస్తకాలు పట్టుకున్న అలవాటే."

"చూస్తేనే తెలుస్తోంది," అంది. కాపలా ఆవిడ మావైపు ఓసారి చూసి, ఇద్దరు ముసలమ్మలు కాలక్షేపానికి మాట్లాడుకుంటున్నారనుకుని మళ్ళీ తన ఫోనులోకి చూసుకుంది. చెల్లెలు తన చేతిసంచిని తీసి నా ఒళ్ళో పెట్టింది. "ఇదిగో, ఇలా. ముందు మెడ కింద చెయ్యి. మెడ నిలవదండీ వాళ్ళకి. మోచెయ్యి ఇలా లోపలికి. అంత గట్టిగా కాదు, దొంగతనం చేసినట్టు పట్టుకోకండి. ఆఁ, ఇప్పుడు వదులుగా."

నా మోచేతిని అది పట్టుకుని సరిచేసింది. పాలు తాగాక భుజంమీద వేసుకుని వీపు తట్టాలంది. నీళ్ళు పోసేముందు మోచేతితో వేడి చూసుకోవాలంది, వేళ్ళతో చూస్తే తెలియదంది. తుమ్మితే కంగారుపడొద్దంది, పిల్లలు ఊరికే తుమ్ముతారట. ఊపిరాడకపోతే మాత్రం నిమిషం ఆగకూడదంది. నాకు తెలిసిన ఏ శాస్త్రంలోనూ లేని విషయాలు వరసగా చెబుతోంది. ఎప్పుడూ నేను చెబుతుంటే అది వినేది.

"బాలింతరాలి సంగతో?" అని అడిగాను.

"ఆ అమ్మాయిని తింటావా అని అడక్కండి. వద్దంటుంది. పళ్ళెం తెచ్చి పక్కన పెట్టేసి వెళ్ళిపోండి, తనే తింటుంది. బరువులెత్తనివ్వకండి. స్నానాలగదిలోకి వెళ్తే తలుపు గడియ పెట్టుకోనివ్వకండి. సిగ్గుపడుతుంది, తిడుతుంది, అయినా పెట్టుకోనివ్వకండి. మీరు బయటే నిలబడండి. నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి, వినబడుతోందా అని అడుగుతూ ఉండండి."

"అలాగేనండీ," అన్నాను.

వసారా చివరి తలుపు తెరుచుకుంది. ఇంకొక ఉద్యోగి వచ్చి కాపలా ఆవిడకు సైగ చేశాడు. చెల్లెలు లేచి చీర సర్దుకుంది. నా ఒళ్ళోని సంచి తీసుకుని భుజానికి తగిలించుకుంది. రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"దానికి నొప్పులు వచ్చినప్పుడు అమ్మేదీ అని అడుగుతుందండీ. ఎంత చెప్పి ఉంచినా ఆ టైములో అడుగుతుంది."

"అడిగితే ఏం చెప్పమంటారు?"

కాపలా ఆవిడ దాని మోచేతిమీద చేయి వేసింది. చెల్లెలు నోరు తెరిచింది. మాస్టారు ఆ ప్రశ్న వేయలేదు. మా మరిది బల్ల వెనక కూర్చుని ఎన్ని సాయంత్రాలు వల్లె వేయించినా ఆ ప్రశ్న రాలేదు. అది నిలబడి వెతుక్కుంది. తరవాత తల అడ్డంగా ఊపి, ఆ తలుపులోంచి వాళ్ళ వెంట వెళ్ళిపోయింది.